వంకాయ తోట గట్టున ఎర్రగుడ్డ

ఇది మీకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టే. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచి, "చాయ్ తాగుతరా?" అని అడిగాను. ఇన్నేళ్లుగా ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగితే దిగదు, దగ్గితే రాదు. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం నేను శుభ్రంగా అన్నం తింటున్న మనిషినే.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. కోరుట్లకు దగ్గర అనుకోండి, చాలు. మాది ఒకప్పుడు ఊళ్లో పెత్తనం చేసిన ఇల్లు. పెత్తనం పోయింది, కొంత భూమి మిగిలింది. మా ఆయన దుబాయిలో ఉంటాడు. ఆయన వెళ్లాక వ్యవసాయం నా మీద పడింది. డిగ్రీ చదివిన కోడలు గట్టు మీద నడిస్తే పడిపోతుందని మా ఇంట్లో నవ్వేవాళ్లు. ఆ నవ్వే నా చేత ఆ పని చేయించిందేమో. ఏమో, కాకపోవచ్చు కూడా. కారణం దొరికిందనుకున్న ప్రతిసారీ అది చేతిలోంచి జారిపోతుంది. అందుకే ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు అంతా అయోమయంగానే ఉంది. మీరు సర్దుకోవాలి.

ముందు రాజవ్వ గురించి చెప్పాలి. ఆమెది సిరిసిల్ల. నేత పని చేసుకునే ఇంట్లో పుట్టి మా ఊరికి కోడలుగా వచ్చింది. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. సాంచెల చప్పుడు మీద మాట వినపడాలంటే అరవాల్సిందేనట. అందుకే గొంతు పెద్దది. మా ఊళ్లో సాంచెలు లేవు గనక అందరితోపాటు కైకిలికి వచ్చేది. రోజుకూలీని మా వైపు కైకిలి అంటాం. ఊళ్లో కైకిలికి పోయే ఆడవాళ్లందరినీ ఆ గొంతే ఒక్కటి చేసింది. మిగతావాళ్లు నన్ను దొరసాని అంటే, ఆమె ఒక్కతే "అక్కా" అనేది. మొదట్లో నాకు ఒళ్లు మండింది. తరువాత ఆ పిలుపు వినకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆమె పోట్లాట కూలి రేటు గురించి మొదలుకాలేదు. చేదు గురించి మొదలైంది. నిన్న మందు కొట్టిన తోటలో ఇవాళ కాయలు తెంపమంటే, ఆ చేతులతోనే మధ్యాహ్నం సద్ది విప్పుకోవాలి. ఎంత కడిగినా ముద్ద చేదుగానే ఉంటుందని ఆడవాళ్లు అనేవాళ్లు. అది అందరికీ తెలిసిన సంగతే. ఎండ ఉన్నట్టే, ఆ చేదూ ఉంటుందనుకునేవాళ్లం. దాని గురించి అడగవచ్చని రాజవ్వ వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

మా దగ్గర కూరగాయలు పండించే ప్రతి ఇంట్లోనూ ఒక అలవాటు ఉంది. ఎవరూ నేర్పరు, ఎవరూ దాని గురించి మాట్లాడరు. అమ్మే తోట వేరు, తినే చెట్లు వేరు. పెరట్లో బావి దగ్గర నాలుగు వంకాయ చెట్లు, ఒక చిక్కుడు పాదు ఉంటాయి. వాటికి మందు తగలనివ్వం. ఒకరోజు నేను పెరటి వంకాయలు తరుగుతుంటే రాజవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను కోసిన కాయలో పురుగు కదిలింది. తీసి పారేసి మిగతాది గిన్నెలో వేశాను. ఆమె దాన్నే చూసింది.

"అక్కా, మీ ఇంటి వంకాయల పురుగు బతుకుతది. మీరు అంగడికి పంపే వంకాయల పురుగు సుత బతుకది. గసొంటి దాంట్ల మేం పొద్దందాక చేతులు పెడ్తున్నం. కోరుట్లోళ్లు కడుపుల ఏసుకుంటున్నరు."

నవ్వేశాను. నవ్వాక ఆ పూట కూర నోటికి పోలేదు.

ఎర్రగుడ్డ ఆలోచన ఆమెదే. సాంచెల మీద మిగిలిన ముక్కలు సిరిసిల్లలో వాళ్ల అన్న దగ్గర నుంచి తెచ్చింది. మందు కొట్టిన రోజే గట్టు మీద కట్టె పాతి దానికి ఎర్రగుడ్డ కడుతుంది. వారం దాటాక తనే విప్పుతుంది. గుడ్డ ఉన్నన్నాళ్లూ ఏ ఆడమనిషీ లోపల కాలు పెట్టదు, ఒక్క కాయ బయటికి రాదు. కట్టేదీ విప్పేదీ రాజవ్వ చేయే. రైతు చెబితే నమ్మం, మందు కొట్టినవాడు చెబితే నమ్మం, రాజవ్వ గుడ్డ చెబితే నమ్ముతాం. ఆడవాళ్ల మాట అది.

ఊరి పెద్దలు ఎర్రజెండా తెచ్చిందని గోల చేశారు. జెండా కాదు, గుడ్డపేలికని ఆమె నవ్వింది. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్న మొదటి ఇల్లు మాదే. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఇది చెప్పకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు. నేను ఒప్పుకున్నాను కాబట్టే మిగతావాళ్లు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. నేను రాజవ్వ మనిషినని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. కొన్నాళ్లకు కోరుట్లలో కొందరు టీచరమ్మలు, ఒక టిఫిన్ సెంటరామె "గుడ్డ కట్టిన ఊరి వంకాయలు" అని అడిగి మరీ కొనడం మొదలుపెట్టారు. ఆ మాట రాజవ్వ చెవిన పడ్డ రోజు ఆమె ముఖం చూడాల్సింది. తెంపే చెయ్యీ తినే నోరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయని అంది. ఇక అన్ని ఊళ్లకూ ఈ పద్ధతి పెట్టించాలని జగిత్యాల ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఇక ఆ రోజు.

పెత్రమాస దగ్గరికొచ్చింది. చనిపోయిన పెద్దల పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య అది. బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. కూరగాయలకు ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఇంకెప్పుడూ ఉండదు. మా తోట విరగకాసింది. కానీ పురుగు పడిందని అంతకుముందే మందు కొట్టించాను. రాజవ్వ వచ్చి గుడ్డ కట్టిపోయింది. గడువు తీరేసరికి పెత్రమాస వెళ్లిపోతుంది, కాయ ముదిరిపోతుంది. సాయంత్రం కోరుట్ల నుంచి మా కూరగాయలు కొనే సేటు ఫోన్ చేశాడు. రేపు పొద్దున బండి పంపమంటారా అన్నాడు. గుడ్డ ఉందన్నాను. ఆయన నవ్వాడు. "ఆడోళ్ల ఎవుసం గిట్లనే ఉంటదమ్మా" అన్నాడు.

డబ్బు కోసం కాదు. మా ఆయన పంపేది మాకు చాలు. మరి దేనికోసం? ఆ నవ్వుకా? సేటు నవ్వితే నాకేం పోయింది? నాకు తెలియదు. బండి పంపమన్నాను. ఫోన్ పెట్టేసి చెప్పులేసుకుని తోటకు వెళ్లాను.

పొద్దు గూకుతోంది. గట్టు మీద ఎవరూ లేరు. ముడి గట్టిగా ఉంది. కాదు, వదులుగా ఉంది. ఇదిగో, ఇక్కడే నాకు తికమక. చాలా ఏళ్లు ఆ ముడి వదులైందనీ, గాలికి ఎలాగూ ఊడిపోయేదేననీ, నేను చేయి వేశానంతేననీ అనుకుంటూ వచ్చాను. కానీ నా కుడిచేతి గోరు విరిగిన సంగతి కూడా గుర్తుంది. వదులు ముడి విప్పితే గోరు విరుగుతుందా? ఏదో ఒకటే నిజం కావాలి కదా. గోరే నిజమనుకుంటాను.

మర్నాడు తెల్లవారకముందే రాజవ్వ జగిత్యాల బస్సు కోసం బయలుదేరింది. మా పక్కన బెండ తోట ఉంది. దాని గడువు ఆ రోజుతో తీరింది. వెళ్తూ వెళ్తూ ఆ గుడ్డ విప్పడం మా మేడ మీది నుంచి చూశాను. చీకటి ఇంకా విడలేదు. మా తోట వైపు తిరగలేదు. పరుగు లాంటి నడకతో రోడ్డెక్కింది.

తరువాత ఆడవాళ్లు వచ్చారు. గట్టు దగ్గర ఆగిపోయారు. వాళ్లలో పెద్దది గంగవ్వ, కట్టెను చూసి నన్ను చూసింది. గుడ్డ ఏమైందని అడిగింది.

"రాజవ్వ ఇప్పిపోయింది. పొద్దుగాల బస్సుకు పోవుకుంట ఇప్పింది" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారలేదు. చక్కగా, తడబడకుండా, ఎవరో రాసిచ్చినట్టు చెప్పింది. గడువు తీరిందని నా మాటగా చెప్పి ఉంటే వాళ్లు దిగేవాళ్లు కాదు. రాజవ్వ పేరు చెప్పాను కాబట్టే గంపలెత్తుకుని లోపలికి దిగారు. పాటలు పాడుకుంటూ తెంపారు. బతుకమ్మ పాటలు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఒకామె గట్టు మీద కూర్చుని వాంతి చేసుకుంది. ఇంకొకామెకు కళ్లు తిరిగాయి. తరువాత గంగవ్వ సాళ్ల మధ్య పడిపోయింది. నోటి వెంట నురగ. అప్పటికే కాయలతో బండి వెళ్లిపోయింది. నేను ఆటో పిలిచి గంగవ్వను ఒళ్లో పడుకోబెట్టుకుని కోరుట్ల తీసుకుపోయాను. అక్కడి నుంచి జగిత్యాల. ఒక డాక్టరు మందు వాసన వల్లే అన్నాడు. ఇంకొకాయన ఎండ, షుగరు, ఖాళీ కడుపు అన్నాడు. నేను ఆ రెండో డాక్టరు మాటనే పట్టుకుని వేలాడాను. ఇప్పటికీ అప్పుడప్పుడు వేలాడతాను. గంగవ్వ బతికింది. కానీ చేతులు వణుకుతాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలుకుతాయి. ఆస్పత్రి ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. దొరసాని మనసు పెద్దదని ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పుకు నేను తల వంచుకుంటే, అది కూడా అణకువ అనుకున్నారు.

ఆస్పత్రి నుంచి నేను ఇంటికి వచ్చిన సాయంత్రమే రాజవ్వ వచ్చింది. నవ్వుకుంటూ బస్సు దిగిందట. జగిత్యాల ఆఫీసులో పెద్ద సారు మా ఊరి తోటలు చూడ్డానికి స్వయంగా వస్తానన్నాడట. ఆడవాళ్లకు పంచాలని జిలేబీ కొనుక్కొచ్చింది. ఆ పొట్లం చేతిలో అలాగే ఉంది. గడప బయటే నిలబడింది.

"అక్కా, గుడ్డ నేనే ఇప్పిన్నని చెప్పినవట."

"గట్లనే అనుకున్న" అన్నాను.

"నువ్వు సూసినవా?"

"బెండ తోట కాడ నిన్ను సూసిన. మా దాని మీద గుడ్డ లేకుండె. నువ్వే ఇప్పినవనుకున్న."

చూడండి, ఇందులో అబద్ధం ఎంత? బెండ తోట దగ్గర చూశాను, నిజం. గుడ్డ లేదు, నిజం. ఆ చివరి ఒక్క ముక్కే అబద్ధం. దాన్ని రెండు నిజాల పక్కన కూర్చోబెడితే అదీ నిజంలాగే కనపడింది. నాకే అలా కనపడిందంటే ఆమెకు ఎలా ఉండి ఉంటుంది?

ఆమె తిడుతుందనుకున్నాను. అబద్ధమాడుతున్నావని అరుస్తుందనుకున్నాను. అరిస్తే బహుశా ఒప్పుకునేదాన్నేమో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. కానీ ఆమె అరవలేదు. తన చేతుల వంక చూసుకుంది.

"శీకటి ఉండె అక్కా. బస్సు అందదని ఉరుకుడే. బెండ తోటది ఇప్పిన, గది యాదికున్నది. మీ దిక్కు మర్లిన్నా? మర్లలేదనే అనుకుంటున్న. గని మనసంతా జగిత్యాల మీదనే ఉండె."

"మంచిగ యాది చేసుకో" అన్నాను.

ఆ మాట ఎందుకన్నాను? గుడ్డ విప్పడం ఒక తప్పు, గంగవ్వతో చెప్పింది ఒక తప్పు. ఈ మాట వాటన్నిటికంటే పెద్దదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పుడు మాత్రం ఏదో మంచి సలహా ఇచ్చినట్టే అన్నాను. ఆమె నిజంగానే కళ్లు మూసుకుంది. యాది చేసుకుంది. చేసుకుంటూ చేసుకుంటూ, జరగనిదాన్ని నా కళ్లముందే జరిగినట్టు చేసుకుంది.

"నా చెయ్యి గంత పని చేసిందా అక్కా?"

జిలేబీ పొట్లం అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. తెల్లారేసరికి చీమలు పట్టాయి.

మర్నాడు బడి దగ్గర ఆడవాళ్లందరి ముందు నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. ఉరుకులాటలో రెండు గుడ్డలూ విప్పానేమోనంది. ఆ పెద్ద గొంతు ఆ రోజు ముందు వరసకే వినపడలేదట. నేను వెళ్లలేదు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో కూర్చున్నాను. కట్టినామె చేయే మరిచిపోతే ఇక ఆ గుడ్డను నమ్మేదెట్లా అని గంగవ్వ కూతురు ఏడ్చిందట. ఊరి పెద్దలకు కావలసింది అదే. చీకటి పడకముందే అన్ని గట్ల మీదా కట్టెలు పీకేశారు. వస్తానన్న సారుకు ఎవరో కబురు పంపారు, ఆయన రాలేదు. కోరుట్ల టీచరమ్మలు ఎక్కడ కొనుక్కున్నారో. ఆ రోజు వెళ్లిన బండిలోని కాయలు మాత్రం "గుడ్డ కట్టిన ఊరి వంకాయలు" అనే అమ్ముడుపోయాయి. నమ్మి కొన్నవాళ్లే తిన్నారు. ఎవరో, ఎన్ని ఇళ్లో, వాళ్ల పిల్లలో. దాన్ని తలుచుకుంటే నా బుర్ర అక్కడే ఆగిపోతుంది, ముందుకు పోదు.

పెత్రమాస నాడు మా మామగారి పేరున కూరగాయలు ఇచ్చాను. తోటవి కాదు, పెరటివి. కాయ కోసి చూశాను, పురుగుంది. మంచిదే అనుకున్నాను. చనిపోయిన మామగారికి మందులేని వంకాయలు, బతికున్నవాళ్లకు ఆ తోటవి. అప్పుడు నాకు ఇది తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. చేతులు అలవాటుగా బావి దగ్గరికే వెళ్లాయి.

రాజవ్వ ఆ చలికాలం దాటకముందే భర్తను తీసుకుని సిరిసిల్ల వెళ్లిపోయింది. ఇంత గుర్తున్న నాకు ఆ ఎర్రగుడ్డను ఏం చేశానో మాత్రం గుర్తులేదు. కొంగులో దోపుకుని తెచ్చాను, అంతవరకే. కాల్చానా? పారేశానా? ఇప్పటికీ పాత బట్టల మూట విప్పితే దానికోసం వెతుకుతాను. దొరికితే ఏం చేస్తానో తెలియదు.

మధ్యలో ఒకసారి ఏదో పని మీద సిరిసిల్ల వెళ్లాను. అబద్ధం. ఏ పనీ లేదు, ఆమె కోసమే వెళ్లాను. వాళ్ల అన్న సాంచెల దగ్గర కూర్చుని నేతకు కావలసిన దారం కండెలు చుడుతోంది. నన్ను చూసి "అక్కా!" అని లేచింది. అదే పిలుపు. పక్కనే ఉన్న ఇంటికి తీసుకెళ్లి చాయ్ పెట్టింది. చాయ్ తాగుతూ మధ్యలో లేచి పొయ్యి ఆర్పిందో లేదో చూసి వచ్చింది. కూర్చుంది. మళ్లీ లేచి చూసి వచ్చింది. నేను చూస్తున్నానని సిగ్గుపడి నవ్వింది.

"గా దినం నుంచి గీ చేతిని నమ్మ అక్కా. తాళం ఏసి బజారు దాక పోత, మల్ల మర్లొచ్చి సూసుకుంట. మా అన్న బిడ్డలు నవ్వుతరు."

సాంచెల చప్పుడు గోడల్లోంచి వస్తోంది. నేను చెబితే ఆ చప్పుడులో అరిచి చెప్పాలి. అలాంటి మాట అరిచి చెప్పడం ఎలా? ఇది సాకేనని తెలుసు. ఊళ్లో ఎవరైనా ఇంకా గుడ్డ కడుతున్నారా అని ఆమె అడిగింది. లేదన్నాను. బస్సుకు టైమైందని లేచాను. బస్సుకు ఇంకా చాలా టైముంది.

అప్పటిదాకా నేను ఆమె కూడగట్టిన ఆడవాళ్లను, ఆమె ఊరిని పోగొట్టానని అనుకునేదాన్ని. ఆ రోజు తెలిసింది, ఆమె చేతినే ఆమె దగ్గర నుంచి తీసేసుకున్నానని. ఊరిని ఎవరైనా మళ్లీ కూడగట్టవచ్చు. ఇది నేను తప్ప ఎవరూ తిరిగి ఇవ్వలేరు. తెలిసీ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని మీరు అడుగుతారు. నేనూ అడుగుతాను. భయమా, పరువా, లేక ఆమె నన్ను "అక్కా" అనడం మానేస్తుందనా? మూడూ కావచ్చు. ఈ మూడూ కాక ఇంకేదో కావచ్చు.

ఇప్పుడు మా తోటకు నేనే గుడ్డ కడతాను. కొన్న గుడ్డ. కూలికి వచ్చే ఆడవాళ్లు దాని వంక కూడా చూడరు. గుడ్డ ఉన్నా దిగుతామంటారు, లేకున్నా దిగుతామంటారు. వద్దని నేను గట్టు మీద చేతులు అడ్డం పెట్టి నిలబడితే, దొరసానికి ఏమో అయిందని నవ్వుకుంటారు.

క్షమించమని అడగడం లేదు. మీరు ఎవరు క్షమించడానికి? గంగవ్వ క్షమించినా గ్లాసు వణకడం ఆగదు. మీ ద్వారా ఒక్క మాట సిరిసిల్ల చేరితే చాలు. అక్కడ ఎవరి చేతిలోనైనా ఇది పడితే, సాంచెల దగ్గర కండెలు చుట్టే పెద్ద గొంతు మనిషి ఉంటే, చదివి వినిపించండి. చప్పుడు ఎక్కువగా ఉంటే అరిచి చదవండి.

రాజవ్వా, గా గుడ్డ నువ్వు ఇప్పలే. నేను ఇప్పిన. నువ్వు మా దిక్కు మర్లనే లేదు, నేను మేడ మీదికెళ్లి సూసిన. నీ చెయ్యి ఏ తప్పు చెయ్యలే.